సుందరయ్య మీద ఒక వాదం: 1948 సెప్టెంబర్ 17న ఆగాల్సిందా?

వాదంలో ఉన్న మాట: నిజాం లొంగిపోయాక కూడా తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబర్ 21 దాకా సాగించడం కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాజకీయ జీవితంలో పెద్ద పొరపాటు. లాయరు గారిది అవునన్న పక్షం, మాస్టారిది కాదన్న పక్షం.

లాయరు: ముందే ఒక మాట చెప్పేస్తాను మాస్టారూ. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913 మే 1న సుందరరామిరెడ్డిగా పుట్టి, పేరు చివర కులాన్ని తీసేసి, ఆస్తిని కమ్యూనిస్టు పార్టీకిచ్చి, పిల్లలు వద్దని ఆపరేషన్ చేయించుకుని, సైకిల్ మీద పార్లమెంటుకెళ్లిన మనిషి ఆయన. నిజాయితీ మీద నాకు పేచీ లేదు. నా పేచీ ఆయన అంచనాతోనే.

మాస్టారు: సైకిలు సంగతి ఎత్తకపోతే ఆయన గురించి ఎవరికీ మాట మొదలుకాదనుకుంటా. సరే, పోరాటానికి రండి.

లాయరు: 1948 సెప్టెంబర్‌కు ముందు ఊళ్లో ఎవరెవరు కలిసి నిలబడ్డారు? కూలీ, పేదరైతు, నాలుగెకరాల తరి, అంటే నీరు పారే భూమి ఉన్న రైతు, వందెకరాల ఆసామి కూడా. నిజాం, రజాకార్లంటే అందరికీ మంటే. 17న నిజాం లొంగిపోగానే ఆ ఆసామికి శత్రువు లేకుండా పోయాడు. అతను పక్కకు తప్పుకున్నాడు. మిగిలింది కూలీ, పేదరైతు. ఎదురుగా భారత సైన్యం. పోరాట నాయకుల్లో ఒకడైన రావి నారాయణరెడ్డి అంతటివాడే ఇక ఆపాలన్నాడు. ఈ లెక్క సుందరయ్యకు తెలియదంటారా?

మాస్టారు: తెలుసు. ఆసామి జారిపోయిన సంగతి ఆయన తన తెలంగాణ పోరాటం పుస్తకంలో దాచలేదు. కానీ మీరు చెప్పంది ఇంకొకటుంది. సైన్యం వెనకాలే ఎవరొచ్చారు? ఊరొదిలి పారిపోయిన దొరలు, దేశ్‌ముఖ్‌లు ఖద్దరు తొడుక్కుని వచ్చారు. వచ్చింది భూమి కోసం. ఆ రోజు తుపాకి దించితే రైతు చేతిలోని నాగలి కూడా దించాల్సిందే.

లాయరు: ఏ భూమి? కాస్త విడదీసి చెప్పండి.

మాస్టారు: పంపకం వరసగా జరిగింది. ముందు అప్పు కింద, దబాయింపు కింద దొర లాక్కున్నది పాతరైతుకు తిరిగిచ్చారు, అప్పు పత్రాలు తగలబెట్టారు. తర్వాత బంజరు, అడవి భూమి. ఆపైన దొర సొంత మిగులు. దీనికి పరిమితి మొదట 500 ఎకరాలు, తర్వాత 200, ఆఖరికి మెట్ట 100, తరి 10. పార్టీ లెక్కలో మొత్తం 3,000 ఊళ్లు, 10 లక్షల ఎకరాలు.

లాయరు: అక్కడే పట్టుకుంటాను. 500 ఎకరాల పరిమితి పెడితే ఎంతమంది దొరల దగ్గర మిగులు తేలుతుంది? కూలీకి దక్కిన వాటా బంజరే. అంటే అసలు పోటీ పడాల్సిన తరి భూమి ఆలస్యంగా కదిలింది. సరే, కదిలిందే అనుకుందాం. కాగితమేదీ? 1950 కౌలు చట్టంలో రక్షిత కౌలుదారు, అంటే దొర ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించలేని కౌలుదారు కావాలంటే వరసగా 6 ఏళ్లు కౌలు చేసి ఉండాలి. పోరాటపు సాయుధ దళం 1947లోనో 48లోనో దున్నమని అప్పగించిన మనిషి కౌలుదారే కాదు, ఆరేళ్ల ముచ్చట ఎక్కడిది?

మాస్టారు: ఒప్పుకుంటా, మిగులు భూమి పొందినవాడికి ఆ చట్టం వల్ల ఒరిగింది లేదు. పాత కౌలుదారు సంగతి వేరు. వాడికి ఆరేళ్లు పాతకాలంలోనే నిండాయి. కావాల్సింది ఒక్కటే, చట్టం వచ్చేదాకా భూమిలోంచి కదలకపోవడం. 1948లోనే దొర వాణ్ని ఖాళీ చేయించి ఉంటే హక్కు దేనిమీద నిలబడుతుంది? అసలు 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలు చట్టం, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానోద్యమ నేత వినోబా భావేకు వందెకరాల దానం, ఇవన్నీ అదే మూడేళ్లలో ఎందుకొచ్చాయంటారు? దాతృత్వానికి అంత మంచి ముహూర్తం కుదిరిందా?

లాయరు: ముహూర్తం బాగానే కుదిర్చారు. ఖరీదు కూడా చెప్పండి మరి. సుందరయ్య పుస్తకం ప్రకారమే 4,000 మంది చచ్చిపోయారు, 10,000 మందికి పైగా మూడు నాలుగేళ్లు క్యాంపుల్లో, జైళ్లలో ఉన్నారు. దళాలు మైదానంలో నిలవలేక నల్లమలకు, గోదావరి అడవులకు వెళ్లాయి. అక్కడ చెంచుల మధ్య, కోయల మధ్య ఉన్న దళం సూర్యాపేట పక్క ఊళ్లో కౌలుదారుకు ఎలా కాపలా కాస్తుంది? మీ వాదమంతా కాపలా మీదే ఉంది కదా.

మాస్టారు: దళం పక్కనే ఉండక్కర్లేదు. మళ్లీ వస్తుందన్న భయం దొరకు ఉంటే చాలు.

లాయరు: ఆ భయం 1949లో ఉండొచ్చు. 1951కి?

మాస్టారు: 1952 ఎన్నికలు చూడండి. పార్టీ మీద నిషేధం, అందుకని పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలబడ్డారు. హైదరాబాద్ అసెంబ్లీలో 42 సీట్లు. నల్లగొండ లోక్‌సభకు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు. ఓడిపోయిన పోరాటానికి అలా ఓటేస్తారా?

లాయరు: గెలిచిందెవరు? 1948లోనే ఆపాలన్న మనిషి! ఆ ఓటు పోరాటానికా, పోరాటం ఆపినందుకా? ఇంకొకటి. ఎమర్జెన్సీలో జనసంఘ్‌తో కలిసి పనిచేయడం కుదరదని సుందరయ్య సీపీఎం ప్రధాన కార్యదర్శి పదవి వదిలేశారు. 1964లో పార్టీ పుట్టినప్పటి నుంచి ఆయనే ఆ కుర్చీలో ఉన్నారు. పార్టీని ఒప్పించలేనప్పుడు తప్పుకోవడం ఆయనకు చేతనైన పనే. అలాంటిది 1949లో పార్టీలోపల అంత గొడవ నడుస్తుంటే అడవిదారే ఎందుకు పట్టుకున్నారు?

మాస్టారు: రెండుచోట్లా మనిషి ఒక్కడే లెండి. పదవి పోయింది తనది, భూమి పోయేది రైతుది. తన కుర్చీ వదిలినంత తేలిగ్గా రైతును తన చెలక, అంటే మెట్ట చేను వదలమని చెప్పలేకపోయాడు. పైగా పదవి వదిలాక ఇంట్లో కూర్చోలేదు, 1978లో గన్నవరం నుంచి మళ్లీ అసెంబ్లీకి వెళ్లాడు.

లాయరు: బాగానే తప్పించుకున్నారు. భూమి దగ్గరికే వద్దాం, తేలేది అక్కడే. 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. పట్టా ఎవరిది, సాగు ఎవరిది అని ఊరూరా. మీ మాట నిజమైతే పోరాటం గట్టిగా సాగిన ఊళ్లలో సాగు గడిలో రైతు పేరుండాలి.

మాస్టారు: ఉన్న ఊళ్లున్నాయి.

లాయరు: దొర పేరున్నవీ ఉన్నాయి. ఏ ఊరికి సైన్యం ముందొచ్చింది, ఏ ఊళ్లో దళం ఎప్పటిదాకా ఉంది, ఆ తేదీలు పక్కన పెట్టి ఒక్కో ఊరి పహాణీ తీసి చూడాలి.

మాస్టారు: తీద్దాం. జనగామ తాలూకాతో మొదలుపెడదామా, అడవి అంచు ఊళ్లతోనా?

లాయరు: జనగామతోనే. అడవి అంచైతే మీకు అనుకూలంగా వస్తుంది.