మార్పులు: ఏమీ లేవు

ప్రజాస్వామ్యంలో ఓటేయడమే పెద్ద పని అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. ఓటుదేముందండీ, నాలుగేళ్ళకోసారి క్యూలో నిలబడి వచ్చేయడమే. ప్రజల భాగస్వామ్యం అంటే ఏంటో నిజంగా తెలుసుకోవాలంటే అమెరికా విద్యాశాఖ స్టూడెంట్ లోన్ల రూల్స్ మార్చే విధానం చూడాలి. 4 కోట్ల మందికి పైగా జనం నెత్తిన 1.6 లక్షల కోట్ల డాలర్లు దాటిన ఫెడరల్ అప్పు, అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన అప్పు ఉంది కదా, ఆ అప్పు ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎలా వసూలు చేయాలి అన్న ప్రతి దానిమీదా ప్రభుత్వం ప్రజల అభిప్రాయం అడుగుతుంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. ఇంతగా అడిగే ప్రభుత్వం భూమ్మీద ఇంకోటి ఉందంటే నేను నమ్మను.

మన దగ్గర ఏ ఫార్మా కంపెనీయో సిమెంటు ఫ్యాక్టరీయో వస్తోందంటే ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. షామియానా, చుట్టూ పోలీసులు, ముందు వరుసల్లో కంపెనీవాళ్ళు బస్సుల్లో తోలుకొచ్చిన జనం, భూమి పోయేవాడి చేతికి మైకు వచ్చేసరికి భోజనాల టైము. అమెరికాలో ఈ మోటు వ్యవహారం ఉండదు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, పేరు పిలుస్తారు, మూడు నిమిషాలు ఇస్తారు. పదిహేనేళ్ళ నుంచి కడుతున్నా అసలు తగ్గకపోగా పెరిగిందని చెప్పుకునేవాళ్ళకూ మూడు నిమిషాలే, రూల్ బ్రహ్మాండంగా ఉంది అనేవాళ్ళకూ మూడు నిమిషాలే. సమానత్వం అంటే అదీ. అధికారులు శ్రద్ధగా వింటారు, థాంక్యూ చెప్తారు, తర్వాతి పేరు పిలుస్తారు. జవాబు మాత్రం చెప్పరు. జవాబు చెప్పడం మొదలుపెడితే వినడం మీద ధ్యాస తగ్గిపోతుందని కాబోలు.

ఇక టైమింగ్ చూడండి. 2025 జులై 4న ట్రంప్ గారు వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్ మీద సంతకం పెట్టేశారు. పీజీ, ప్రొఫెషనల్ కోర్సులకు కాలేజీ చెప్పిన ఖర్చు దాకా అప్పు ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్ 2026 జులై 1 నుంచి కొత్తవాళ్ళకు బంద్. పిల్లల డిగ్రీ చదువు కోసం తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్‌కు ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేల డాలర్ల పరిమితి. నెలవారీ కట్టుబడికి రిపేమెంట్ అసిస్టెన్స్ ప్లాన్ అని కొత్తది, అందులో ఆదాయం లేనివాళ్ళు కూడా నెలకు కనీసం 10 డాలర్లు కట్టాలి, మిగిలింది మాఫీ కావాలంటే 30 ఏళ్ళు ఆగాలి. ఇవన్నీ చట్టంలో రాసేసి, సంతకం తడి ఆరాక, ఆగస్టులో జనాన్ని పిలిచి 'మీ అభిప్రాయం చెప్పండి' అన్నారు. ముందే అడిగితే జనం ఏం చెప్తారు చెప్పండి? పాపం వాళ్ళ ముందు ఏమీ ఉండదు కదా. చట్టం అయ్యాక అడిగితే దేనిమీద బాధపడాలో స్పష్టంగా తెలుస్తుంది.

అభిప్రాయాలు వినే ఈ విచారణ అయ్యాక కమిటీ కూర్చుంటుంది. ఇది విద్యాశాఖ సరదాకి చేసే పని కాదు, లోన్ల రూల్స్ రాసేముందు సంబంధం ఉన్నవాళ్ళతో కూర్చుని బేరమాడాలని 1990ల నుంచి చట్టమే చెప్తోంది. విద్యార్థుల తరఫున ఒకరు, అప్పు కట్టేవాళ్ళ తరఫున ఒకరు, ప్రైవేటు కాలేజీల తరఫున ఒకరు, రాష్ట్రాల తరఫున ఒకరు, ఇలా. పేర్లు ఎవరైనా పంపొచ్చు, ఎవరు కూర్చోవాలో మాత్రం విద్యాశాఖే తేలుస్తుంది. మనకు తెలిసిన పద్ధతే.

ఓటింగు మాత్రం కొత్తగా ఉంటుంది. బొటనవేళ్ళతో చేస్తారు. నేను జోక్ చేయడం లేదు, కోట్లాదిమంది అప్పుల మీద చర్చ అయ్యాక పెద్దమనుషులందరూ బొటనవేలు చూపిస్తారు. పైకి చూపిస్తే సరే అని, కిందికి చూపిస్తే ఒప్పుకోనని, పక్కకి చూపిస్తే నచ్చలేదుగానీ చచ్చినట్టు భరిస్తానని. ఒక్క వేలు కిందికి తిరిగినా ఏకాభిప్రాయం లేనట్టే. ఏకాభిప్రాయం కుదిరితే విద్యాశాఖ మామూలుగా ఆ ఒప్పుకున్న మాటలనే ప్రతిపాదనగా పెట్టాలి. కుదరకపోతే తనకు తోచినట్టు రాసుకోవచ్చు. అంటే మీరు అప్పు కట్టేవాళ్ళ ప్రతినిధి అనుకోండి, ప్రతిపాదన మీకు నచ్చలేదు, వేలు కిందికి తిప్పారు, అంతే, మూడు రోజులు కూర్చుని బతిమాలి తెచ్చుకున్న చిన్న సవరణ కూడా గాల్లో కలిసిపోవచ్చు. అందుకే అంతమంది వేళ్ళు పక్కకి తిరుగుతాయి.

అసలు సొగసు ఇంకా చెప్పలేదు. ఆ కమిటీలో విద్యాశాఖ కూడా ఒక సభ్యురాలే, దానికీ ఒక బొటనవేలు ఉంది. ఒప్పందం నచ్చకపోతే తన వేలు తనే కిందికి తిప్పి, 'అయ్యో, ఏకాభిప్రాయం కుదరలేదే' అని నిట్టూర్చి, లోపలికెళ్ళి తనకు నచ్చిన రూల్ రాసుకోవచ్చు. ఇంత చక్కటి ఏర్పాటును కనిపెట్టినవాడికి పద్మ అవార్డు ఇచ్చే వీలు లేకపోవడం మన దురదృష్టం.

ఇలాంటి ఏకాభిప్రాయం నిజంగా కుదిరిన సందర్భం కూడా ఉంది, 2025 నవంబరులో. కొత్త చట్టం ప్రకారం ప్రొఫెషనల్ డిగ్రీ చదివేవాళ్ళకు ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్ల దాకా ఫెడరల్ అప్పు ఇస్తారు. మామూలు పీజీ వాళ్ళకు ఏడాదికి 20,500, మొత్తం లక్ష. మరి ప్రొఫెషనల్ అంటే ఎవరు? పాత రూల్స్‌లో ఉదాహరణకని ఓ పది చదువుల పేర్లు ఉన్నాయి. కమిటీ వాటిని పట్టుకుని, క్లినికల్ సైకాలజీని కలిపి, మొత్తం పదకొండు రంగాలు తేల్చింది. డాక్టరు, దంతవైద్యుడు, పశువుల డాక్టరు, ఫార్మసిస్టు, కళ్ళు చూసే ఆప్టోమెట్రిస్టు, పాదాలు చూసే పోడియాట్రిస్టు, వెన్నుపూస సర్దే కైరోప్రాక్టరు, లాయరు ఉన్నారు. మతబోధకులు చదివే థియాలజీ ఉంది. నర్సింగ్ లేదు. ఫిజియోథెరపీ లేదు. అంటే ఐసీయూలో రాత్రంతా మేలుకుని రోగిని బతికించే నర్స్ ప్రాక్టీషనర్, అంటే పీజీ చేసిన నర్సు, ప్రొఫెషనల్ కాదు, ఆవిడ ప్రయత్నం ఫలించక రోగి పోతే వచ్చి ప్రార్థన చేసేవారు ప్రొఫెషనల్.

నర్సుల సంఘాలు గోల పెట్టాయి, పిటిషన్ మీద లక్షకు పైగా సంతకాలు పడ్డాయి. విద్యాశాఖ ఎంతో ఓపికగా వివరణ ఇచ్చింది: ఇది లోన్ల కోసం లోపల వాడుకునే నిర్వచనం మాత్రమే, మీ వృత్తి గొప్పదా కాదా అన్న తీర్పు కాదు, పైగా నర్సింగ్ చదివేవాళ్ళలో 95 శాతం మంది ఈ పరిమితి కంటే తక్కువే అప్పు చేస్తారు అని. చాలా సబబుగా ఉంది. మిగతా 5 శాతం ఇకనుంచి ఎలాగూ పరిమితి లోపలే ఉంటారు కాబట్టి వచ్చే లెక్కల్లో నూటికి నూరు.

న్యూజెర్సీలో మా బాబాయి ఉన్నాడు. గ్రీన్‌కార్డు వచ్చింది, కూతురికి మెడికల్ సీటు వచ్చింది, రెండూ ఒకే ఏడాది రావడంతో స్వామివారికి తలనీలాలు కూడా మొక్కుకున్నాడు. చాలా ప్రైవేటు మెడికల్ స్కూళ్ళలో నాలుగేళ్ళ ఖర్చు 3 లక్షల డాలర్లు దాటుతుంది, ఫెడరల్ అప్పు 2 లక్షల దగ్గర ఆగిపోతుంది, మధ్యలో లక్ష ఎక్కణ్ణుంచి తేవాలో తెలీక ఫోన్ చేశాడు. ఈ రూల్స్ మీద మీ అభిప్రాయం పంపండి బాబాయ్, ఎవరైనా పంపొచ్చు అన్నాను. "పంపితే సిటిజన్‌షిప్‌కు ఏమన్నా అడ్డమొస్తుందేంట్రా?" అన్నాడు. రాదు, కావాలంటే పేరు లేకుండా కూడా పంపొచ్చు అన్నాను. "పేరు లేకుండా పంపితే మనదని వాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, అందుకని పిన్ని ఎలా ఉందని అడిగాను.

తెలుగువాళ్ళకు ఈ భాగస్వామ్యం మీద అనుమానం ఉండటానికి కారణం లేకపోలేదు. మాస్టర్స్‌కి ఎఫ్-1 వీసా మీద వెళ్ళిన మన పిల్లలకు ఫెడరల్ అప్పు అసలే రాదు, వాళ్ళ అప్పంతా గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇల్లు తాకట్టు పెట్టిన అప్పు. అక్కడే పుట్టిన పిల్లల సంగతి వేరు, వాళ్ళు సిటిజన్లు, సాయానికి అర్హులు. కానీ వాళ్ళమ్మ, ఉద్యోగం మీద వెళ్ళినవాళ్ళ భార్యకిచ్చే హెచ్-4 వీసా మీద ఉండి పని పర్మిట్ లేకపోతే ఆవిడకు సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండదు. ఈ సాయానికి దరఖాస్తు పెట్టే ఫాఫ్సా ఫారాన్ని సులభం చేస్తున్నామని 2023 డిసెంబర్ చివర కొత్తది వదిలారు చూడండి, అది ఆ నంబర్ లేని తల్లిదండ్రుల దగ్గర నెలల తరబడి మొరాయించింది. ఇలాంటి ఫారాలను కూడా ప్రజాభిప్రాయం అడిగే తయారు చేస్తారు, అది నింపడానికి ఎంతసేపు పడుతుందని వేసిన మా అంచనా సరిగ్గా ఉందా అని కూడా అడుగుతారు. నంబర్ లేని తల్లికి ఎంతసేపు పడుతుందో నెలల్లో చెప్పాలా నిమిషాల్లో చెప్పాలా అన్నదే సందేహం.

సరే, అందరూ అభిప్రాయాలు పంపారనుకుందాం. అవి ఏమవుతాయి? చెత్తబుట్టలోకి పోతాయని కొందరు నిందలు వేస్తారు, అది పచ్చి అబద్ధం. అన్నీ లెక్కపెడతారు. ఒకే ఉత్తరాన్ని వెయ్యి మంది పంపితే ఒక గుంపుగా కడతారు. అభ్యంతరాల్లో ముఖ్యమైనవాటికి జవాబు చెప్పకపోతే కోర్టు చీవాట్లు పెడుతుంది కాబట్టి, తుది రూల్‌తో పాటు జవాబులు కూడా వాళ్ళ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చేస్తారు. విద్యాశాఖవారి జవాబులకు ఒక శైలి ఉంది. ముందు 'వ్యాఖ్యలు' అని శీర్షిక పెట్టి ఎవరెవరు ఏమేం బాధపడ్డారో రాస్తారు. తర్వాత 'చర్చ' అని, ఆ బాధ ఎందుకు సరైంది కాదో రాస్తారు. చివర 'మార్పులు' అని. దాని పక్కన చాలాచోట్ల ఒక్కటే మాట: ఏమీ లేవు. వందల పేజీలు, మూడు కాలమ్‌లు, చిన్న అక్షరాలు, పేజీ తర్వాత పేజీ, మార్పులు: ఏమీ లేవు. సహస్రనామం చదువుతున్నట్టు మనసుకు ఒక రకమైన ప్రశాంతత వస్తుంది. ఎప్పుడైనా ఓ చోట మార్పు చేశారంటే, కామా పడాల్సిన చోట పడలేదనో, సెక్షన్ నంబర్ తప్పు పడిందనో అయ్యుండొచ్చు, అయినా అది ప్రజావిజయమే.

ఇంత కష్టపడి రాసిన రూల్ ఎంతకాలం నిలుస్తుంది అని అడక్కండి, అది రాసినవాళ్ళను కించపరచడం అవుతుంది. ఫీజులు గుంజి పనికిరాని సర్టిఫికెట్లు ఇచ్చే కాలేజీలకు ముకుతాడు వేయడానికి గెయిన్‌ఫుల్ ఎంప్లాయ్‌మెంట్ రూల్ తెచ్చారు. 2010లో ప్రతిపాదిస్తే 90 వేల దాకా అభిప్రాయాలు వచ్చాయి. 2011లో రూల్ అయింది, 2012లో కోర్టు దాని నడుం విరగ్గొట్టింది, 2014లో మళ్ళీ రాశారు, 2019లో ట్రంప్ ప్రభుత్వం ఎత్తేసింది, 2023లో బైడెన్ ప్రభుత్వం మళ్ళీ తెచ్చింది. కాలేజీ మోసం చేస్తే అప్పు మాఫీ చేసే రూల్‌కు 2016లో ఒక రూపం, 2019లో ఇంకో రూపం, 2022లో మరో రూపం. ప్రతిసారీ ప్రజలను అడిగారు. ప్రతిసారీ ప్రజలు చెప్పారు. 2010లో మొదలుపెట్టి పిలిచినప్పుడల్లా ఒకే అభిప్రాయం చెప్పినవాళ్ళు ఒక ప్రభుత్వంలో గెలిచి, ఇంకో ప్రభుత్వంలో ఓడి, మళ్ళీ గెలిచి ఉంటారు, ఉత్తరంలో తేదీ తప్ప ఏమీ మార్చకుండానే.

అప్పు మాఫీ కథ ఇంకా ముచ్చటైనది. బైడెన్ గారి 40 వేల కోట్ల డాలర్ల మాఫీని 2023 జూన్ 30న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆదరాబాదరా చేశారు కాబట్టి ఇలా అయింది, ఈసారి పద్ధతిగా చేద్దామని మళ్ళీ విచారణలు, మళ్ళీ కమిటీ, మళ్ళీ బొటనవేళ్ళు. 2024 ఏప్రిల్‌లో ప్రతిపాదన పెడితే లక్షకు పైగా అభిప్రాయాలు వచ్చాయి. డిసెంబర్‌లో, దిగిపోయే ముందు, వాళ్ళే ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు. లక్ష మంది రాసిన ఉత్తరాలకు ఒక్క 'మార్పులు: ఏమీ లేవు' కూడా దక్కలేదు. నాకు అదొక్కటే బాధ.

ఇటు కొత్త ప్రభుత్వానికి తొందర ఎక్కువ. పదేళ్ళు ప్రభుత్వంలోనో సేవాసంస్థలోనో పనిచేస్తూ 120 నెలల వాయిదాలు కడితే మిగిలిన అప్పు మాఫీ అని 2007లో ఒక పథకం పెట్టారు. మొదట్లో మాఫీకి దరఖాస్తు చేసినవాళ్ళలో 99 శాతం మందిని తిప్పి పంపారు, అదొక చరిత్ర. 'చట్టవిరుద్ధ ఉద్దేశం' ఉన్న సంస్థలో పనిచేస్తే ఆ సేవ లెక్కలోకి రాదని, ఆ ఉద్దేశం ఉందో లేదో విద్యాశాఖే తేలుస్తుందని 2025లో రూల్ మార్చారు. కమిటీ జూన్ 30న కూర్చుంది, జులై 2న లేచింది, ఏకాభిప్రాయం కుదరలేదు. అక్టోబర్ చివర తుది రూల్ వచ్చేసింది. అప్పటికి బడ్జెట్ పాస్ కాక అమెరికా ప్రభుత్వం మూతపడి నెల కావస్తోంది, జీతాల్లేవు, మ్యూజియాలు మూసేశారు. రూల్ మాత్రం ఆగలేదు. రాష్ట్రాలు కోర్టుకెళ్ళాయి, లాయర్లకు పని దొరికింది. లా డిగ్రీ ఆ పదకొండు రంగాల్లో ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది కదా. లక్షల్లో అప్పు చేసి లాయరై, ఆ అప్పు రూల్స్ మీదే కేసులు వాదిస్తూ అప్పు తీర్చుకోవచ్చు. నర్సులకు ఆ సౌకర్యం లేదు.

ఇంత చూశాక చేతులు కట్టుకుని కూర్చోవడం న్యాయం కాదనిపించి, అమెరికా పౌరుణ్ణి కాకపోయినా, నేనూ ఒక అభిప్రాయం తయారు చేసుకున్నాను. సారాంశం ఇది. అయ్యా, ఒక మనిషి మీ విచారణకు హాజరై, మూడు నిమిషాలు మాట్లాడి, వందల పేజీల ప్రతిపాదన చదివి, అభిప్రాయం రాసి, తుది రూల్‌లో తన అభిప్రాయం పక్కన మార్పులు ఏమీ లేవని చూసుకుని, కోర్టు కొట్టేశాక మళ్ళీ మొదటినుంచి అదంతా చేస్తే, దానికి పైసా జీతం లేదు. ఇది ప్రజాసేవ కాకపోతే ఇంకేది ప్రజాసేవ? కాబట్టి పంపిన ఒక్కో అభిప్రాయాన్ని ఆ 120 వాయిదాల్లో ఒకటిగా లెక్క కట్టాలని కోరుతున్నాను. ఒకే ఉత్తరం గుంపుగా పంపినవాళ్ళకు వాయిదాలో సగం చాలు. థియాలజీ వాళ్ళకు ఎలాగూ పైనుంచి సాయం అందుతుంది కాబట్టి వాళ్ళను మినహాయించినా నాకు అభ్యంతరం లేదు, బొటనవేలు పక్కకి చూపిస్తాను.