తస్సిలి బొమ్మల్లో గ్రహాంతరవాసులేంటండీ

అల్జీరియాలోని తస్సిలి నజ్జర్ రాతి చిత్రాల మీద ఇంత పెద్ద వ్యాసం రాసి, సగం గ్రహాంతరవాసులకే ఇచ్చేశారు. ఆ గుండ్రటి తల బొమ్మకి 'అంగారక దేవుడు' అని పేరు పెట్టింది 1950ల్లో అక్కడ పనిచేసిన ఫ్రెంచ్ పరిశోధకుడు ఆన్రీ లోట్, అంతకు మించి ఏమీ లేదు. నాకైతే ఆవుల మందలూ నీటిగుర్రాలే అసలు వింత, ఎందుకంటే ఇప్పుడు ఎండిన రాళ్లు తప్ప కనిపించని ఆ సహారా పీఠభూమిలో అప్పట్లో నీళ్లూ గడ్డీ పుష్కలంగా ఉండేవన్నమాట, తర్వాతి కాలం బొమ్మల్లో గుర్రాలు, ఇంకా తర్వాత ఒంటెలు వస్తాయి. 1982లో యునెస్కో గుర్తింపు వచ్చిందని రాశారు సరే. రంగులు తేలాలని లోట్ బృందం బొమ్మల్ని తడిపి నకళ్లు తీసింది, దాంతో కొన్ని పాడయ్యాయి, ఆ సంగతి కూడా రాయాల్సింది. ఫొటోలు మాత్రం సూపర్.