ఏసీ లారీ సరే, కాయ చల్లబడేది ఎక్కడ?

రీఫర్ లారీ, అంటే కూలింగ్ యంత్రం బిగించిన ఏసీ బండి, పండును చల్లబరచదు. అప్పటికే చల్లబడిన పండును అలాగే ఉంచుతుంది. దాని పని అంతవరకే. ఈ సంగతి పట్టించుకోకుండా మామూలు లారీ కంటే ఎక్కువ కిరాయి పెట్టి ఏసీ బండి మాట్లాడుకున్నా, ఢిల్లీ మండీలో పెట్టె తెరిచేసరికి కాయ రంగు తిరిగి ఉంటుంది. బండి బాగాలేదని డ్రైవరును తిడతారు. చాలాసార్లు చెడు జరిగేది బండి తలుపు మూయకముందే.

లెక్క వేస్తే తెలుస్తుంది. అనంతపురం జిల్లా పుట్లూరులోనో కడప జిల్లా లింగాలలోనో ఏప్రిల్ ఎండలో కోసిన జీ9 రకం అరటి గుజ్జు 35 డిగ్రీలు ఉందనుకుందాం. దాన్ని 14కు దించాలి. కిలో అరటి ఒక డిగ్రీ చల్లబడాలంటే దాదాపు 3.35 కిలోజౌళ్ల వేడి వదలాలి. 15 టన్నులకు, 21 డిగ్రీలకు ఇది సుమారు పదిన్నర లక్షల కిలోజౌళ్లు. కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే 293 యూనిట్లు. లారీ ముందు బిగించిన కూలింగ్ యంత్రం గంటకు నికరంగా 10 యూనిట్ల వేడి లాగుతుందనుకున్నా 29 గంటలు పడుతుంది. ఇందులో బాడీ గోడల గుండా లోపలికి దిగే ఎండ వేడి లేదు, కాయ ఊపిరి పీలుస్తూ తనే పుట్టించే వేడీ లేదు. పెట్టెల దొంతర నడుమన ఉన్న కాయకు గాలి తగలడమే కష్టం. ఈ లోపు లారీ నాగపూర్ దాటుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే కాయ ఊపిరి వేగం రెండు మూడింతలవుతుంది కాబట్టి, ఆ మొదటి రోజే అరటి ఆయుష్షు చాలా కరిగిపోతుంది. ఒక్క హస్తం (గెలలోని ఒక వరుస కాయలు) మాగడం మొదలుపెడితే దాని నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పక్క పెట్టెలను కూడా లేపుతుంది.

అందుకే చల్లదనం తోట పక్కనే, కాయను కడిగి పెట్టెల్లో సర్దే ప్యాక్‌హౌస్‌లో మొదలవ్వాలి. తెల్లవారుజామున కోత, గెలకు నీడ, హస్తాలు కోశాక పాలు కారిపోయేలా పటిక కలిపిన నీళ్లలో కడగడం, నీరు ఓడ్చి 13 కిలోల పెట్టెల్లో సర్దడం. ఇంతవరకు ఎగుమతి తోటల్లో బాగానే జరుగుతోంది. ఆ తర్వాతి మెట్టు దగ్గరే జారుతున్నాం. పెట్టెలను కోల్డ్ రూములో ఊరికే పేర్చి వదిలేస్తే చల్లబడటానికి ఒక రోజు పైనే పడుతుంది. చేయవలసింది గాలిని పెట్టెల గుండా లాగడం. రెండు వరుసల పెట్టెలు ఎదురెదురుగా పేర్చి, మధ్యన సందు వదిలి, ఆ సందు మీద టార్పాలిన్ కప్పి, ఒక కొసన పెద్ద ఫ్యాను పెట్టి గాలిని బయటికి పీల్చాలి. అప్పుడు చల్లగాలికి పెట్టె రంధ్రాల గుండా దూరి రావడం తప్ప వేరే దారి ఉండదు. పెట్టె మీద పెట్టె పేర్చినప్పుడు రంధ్రాలు ఒకదానికొకటి కలవకపోతే ఈ ఏర్పాటంతా దండగ. పని ముగిసిందని చెప్పేది గది గోడ మీది మీటరు కాదు. దొంతర మధ్య పెట్టెలోంచి కాయ తీసి సూది థర్మామీటర్ గుజ్జులోకి గుచ్చితే 14 కనిపించాలి.

తొందరపడి గాలిని మరీ చల్లగా పెట్టకూడదు. అరటికి 13 కంటే కిందికి పోవడం ప్రమాదం. తొక్క కింద గోధుమరంగు చారలు తేలి, పైన బూడిద పులిమినట్టు మసకబారుతుంది. తర్వాత మాగబెట్టే గదిలో ఇథిలీన్ ఎంత పట్టించినా పసుపు సరిగా ఎక్కదు. ఈ దెబ్బ లారీలో తగిలినా కంటికి కనిపించేది రెండు మూడు రోజుల తర్వాత. కాబట్టి నింద ఎప్పుడూ మాగబెట్టినవాడి మీదే పడుతుంది. చీనీకి (బత్తాయికి), దానిమ్మకు 5 నుంచి 7 డిగ్రీలు కావాలి. పచ్చి మామిడికి 13, బొప్పాయికి 10 నుంచి 12, పండిన టమాటాకు 7 నుంచి 10. పాలు, కోడిమాంసం లాంటి వాటికి 5 లోపు, ఐస్‌క్రీమ్‌కు మైనస్ 18. అంటే ‘కూలింగ్ బాగా పెట్టన్నా’ అని డ్రైవరుకు చెప్పే మాటకు అర్థమే లేదు. ఏ సరుకుకు ఎంతో అంకె వేసి కాగితం మీద రాసివ్వాలి. బండిలో జాగా మిగిలిందని అరటి మీద చీనీ ఎక్కిస్తే రెండింటిలో ఒకటి చెడక తప్పదు. పక్వానికొచ్చిన బొప్పాయిని పచ్చి అరటితో కలిపి పంపడం ఇంకా ఘోరం. ఇక కర్నూలు ఉల్లికి అసలు తడి గాలి పడదు, పండ్లకు తడి గాలే ప్రాణం. పైగా ఉల్లి వాసన అంటుకుంటే వదలదు.

లోడింగు దగ్గర తప్పులు చిన్నవిగా కనిపిస్తాయి గానీ ఖరీదైనవి. ఖాళీ బాడీని ముందే సరుకు ఉష్ణోగ్రతకు తేవాలి. అందుకు కనీసం ముప్పావు గంట పడుతుంది. తలుపులు తెరిచినప్పుడు మాత్రం యంత్రం ఆపేయాలి, లేకపోతే బయటి తేమను లోపలికి లాగి కాయిల్ మీద మంచు కట్టిస్తుంది. ఒకరిని లోపల పెట్టి తలుపు మూస్తే ఎక్కడైనా వెలుతురు చీలిక కనిపిస్తే అక్కడ రబ్బరు పోయిందని అర్థం. లారీలో చల్లగాలి పైకప్పు వెంట వెనక్కి వెళ్లి, కింది నుంచి ముందు గోడ దగ్గరికి తిరిగొస్తుంది. కాబట్టి కప్పుకూ పెట్టెలకూ మధ్య జానెడు ఖాళీ, ముందు గోడ దగ్గర, వెనక తలుపు దగ్గర సందు ఉండాల్సిందే. ఓడ కంటైనర్‌లో ఇది తలకిందులు. అక్కడ గాలి కాలువల నేల నుంచి పైకి లేస్తుంది, నేలంతా పెట్టెలతో కప్పాలి, గోడ మీది ఎర్రగీత దాటి పేర్చకూడదు. లారీ అలవాటుతో కంటైనర్ నింపే హమాలీలకు ఈ తేడా ఎవరూ చెప్పరు.

ఇక డీజిల్. కూలింగ్ యంత్రం గంటకు మూడు లీటర్లు తాగుతుందనుకుంటే 40 గంటల ప్రయాణానికి 120 లీటర్లు, లీటరు వంద లెక్కన 12 వేలు. రాత్రి నాలుగైదు గంటలు ఆపేస్తే వెయ్యికి పైగా మిగులుతుంది. కిరాయి మొత్తంలోనే డీజిల్ అంటగట్టి, ఆపొద్దని నీతులు చెబితే ఎవరు వింటారు? యంత్రం డీజిల్‌కు విడిగా లెక్కకట్టి ఇచ్చి, బదులుగా ఉష్ణోగ్రత రికార్డర్ గ్రాఫు అడగడం న్యాయం. ఉష్ణోగ్రతను నమోదు చేసే డాటా లాగర్ ఒకటి ముందు, ఒకటి వెనక తలుపు దగ్గరి పై పెట్టెలో ఉంచాలి. వేడెక్కేది ఆ మూలే. గ్రాఫులో రంపపు పళ్లలా చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు ఉంటే భయం లేదు, అది మంచు కరిగించుకునే వంతు. గంటల తరబడి ఒకే వాలుగా పైకి పాకిన గీత మాత్రం యంత్రం ఆగిన రాత్రి.

ప్రభుత్వ ఖర్చు ఎటు పోవాలనేది కూడా దీన్నిబట్టే తేలాలి. 2020 జనవరి చివర తాడిపత్రి నుంచి ముంబై దగ్గరి జేఎన్‌పీటీ రేవుకు 43 రీఫర్ కంటైనర్లతో అరటి రైలు కదిలింది. అదే ఏడాది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి బయల్దేరిన కిసాన్ రైలు 322 టన్నులు మోసింది, అదీ మామూలు పార్సిల్ వ్యాగన్లలో. జెండా రెండింటికీ ఊపారు. ఆ సరుకు ఎక్కేముందు ఎంత చల్లగా ఉందన్న ప్రశ్న మాత్రం వినిపించలేదు. దేశమంతటి కోల్డ్ చెయిన్ (తోట నుంచి అంగడి దాకా చల్లదనం తెగకుండా సాగే గొలుసు) మీద 2015లో వచ్చిన అధ్యయనం ప్రకారం 70,080 ప్యాక్‌హౌస్‌లు అవసరమైతే ఉన్నవి 249. రీఫర్ బండ్లు 61,826 కావాల్సి ఉండగా ఉన్నవి సుమారు 9 వేలు. కోల్డ్ స్టోరేజీల కొరత మాత్రం పదో వంతు లోపే. మనం కట్టింది ఎక్కువగా గొలుసు చివరి కొక్కేన్నే.

2014 నాటి ఎంఐడీహెచ్ (కేంద్ర ఉద్యాన పథకం) మార్గదర్శకాలు 6 టన్నుల ప్రీకూలింగ్ (లోడింగుకు ముందే చల్లబరిచే) యూనిట్‌కు 25 లక్షలు, 9 టన్నుల రీఫర్ బండికి 26 లక్షలు ఖర్చు కట్టి, మైదాన ప్రాంతాల్లో 35 శాతం సబ్సిడీ ఇచ్చాయి. ధర దాదాపు ఒకటే. ఒక బండి ఢిల్లీకి పోయి తిరిగొచ్చే వారంలో, రోజుకు రెండు విడతలు నడిచే యూనిట్ 80 టన్నులకు పైగా చల్లబరచగలదు. అడ్డమల్లా కరెంటు. వ్యవసాయ ఫీడరు మీద 9 గంటల సరఫరాతో ప్రీకూలింగ్ సాగదు. ఎఫ్‌పీఓలు (రైతు ఉత్పత్తిదారుల సంఘాలు) దరఖాస్తు పెట్టేటప్పుడే 24 గంటల లైను, జనరేటర్ ఖర్చు అందులో కలుపుకోవాలి. అమ్మకం కాగితంలోనూ రెండు అంకెలు చేరాలి: లోడింగప్పటి గుజ్జు ఉష్ణోగ్రత, మండీలో తలుపు తెరిచినప్పటిది. అవి రాసి ఇరుపక్షాలూ సంతకం చేశాకే తరుగు మాట ఎత్తాలి.