ఇయ్యలేనా, ఇయ్యాలెనా?

పోయిన వారం ఒక పెద్దాయన వాట్సాప్ మెసేజీలు ప్రింట్ తీయించుకోవడానికి నా షాపుకు వచ్చాడు. నల్లగొండలో నాది చిన్న డీటీపీ సెంటరు. అర్జీలు, అఫిడవిట్లు, నోటీసులు, పెళ్ళి కార్డులు, జిరాక్సులు. ఇరవై ఆరేళ్ళుగా నా చేతులకు ఇదే పని. ఆయనకూ తమ్ముడికీ బోరు అప్పు దగ్గర తగాదా వచ్చింది. నాలుగు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. తమ్ముడు వస్తాడని తెలిసి మేనకోడలి పెళ్ళికి కూడా పోలేదట. వకీలు చాటింగ్ మొత్తం తెమ్మన్నాడని ఫోన్ నా చేతికిచ్చాడు.

నాకొక అలవాటుంది. ఏ కాగితమైనా ప్రింట్ తీసే ముందు పైకి చదువుతాను. తమ్ముడు ఇంగ్లీషు అక్షరాల్లో పంపిన మెసేజ్ ఒకటి "అన్నా, ఇంక లక్ష నువ్వు ఇయ్యాలె" అని చదివాను. పెద్దాయన వెంటనే ఆపాడు. "ఇయ్యాలె కాదు బిడ్డా. ఇయ్యలే అన్నడు వాడు. పోయిన ఉగాదికి నా చేత్తోని లెక్కవెట్టి ఇచ్చిన లక్ష రూపాయలు ఇయ్యలే అంటున్నడు. నన్ను దొంగను జేసిండు."

మళ్ళీ చూశాను. ఐ, వై, వై, ఎ, ఎల్, ఇ. ఇయ్యలే అని చదివినా తప్పులేదు, ఇయ్యాలె అని చదివినా తప్పులేదు. మొదటిదైతే, నువ్వు ఇవ్వలేదు అనే నింద. రెండోదైతే, నీ వాటాలో ఇంకో లక్ష మిగిలింది, ఇవ్వాలి అనే లెక్క. "ఒక్కసారి ఫోన్ చేసి ఏమన్నడో అడుగు కాకా" అన్నాను. "ఇంక అడిగేదేముంది" అని ప్రింట్లు తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. అందుకే ఇంత పొడుగు పోస్ట్ రాస్తున్నాను. ఓపికగా చదవండి.

ఈ ప్రమాదం తెలుగువాళ్ళందరికీ ఒక్కతీరుగా లేదు. ఇవ్వలేదు, ఇవ్వాలి అని మాట్లాడేవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా తేడా తెలిసిపోతుంది. తెలంగాణలో మనం అట్లా మాట్లాడం. మనది ఇయ్యలే, ఇయ్యాలె. కట్టలే, కట్టాలె. చెప్పలే, చెప్పాలె. తినలే, తినాలె. అయిన పనికీ, కావాల్సిన పనికీ మధ్య ఉన్నది ఒక్క దీర్ఘం. నోటితో అన్నప్పుడు పసిపిల్లకు కూడా తేడా తెలుస్తుంది. తెలుగు లిపిలో రాస్తే కంటికి కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లోకి దించగానే రెండూ ఒకటైపోతాయి. బ్యాంకు కిస్తీ కట్టలేదా, కట్టాలా? అమ్మకు రాత్రి బీపీ గోలి ఇవ్వలేదా, ఇవ్వాలా? కొడుకు హైదరాబాదులో, కోడలు ఊళ్ళో, మధ్యలో ఒక్క మెసేజ్. ఆలోచిస్తేనే భయమేస్తుంది. కళ్ళు, కాళ్ళు, కల్లు, మూడింటికీ మనవాళ్ళు కొట్టే అక్షరాలు అవే. అమ్మకు నొప్పి ఎక్కడో తెలుసుకోవడానికి ఆ మెసేజ్ మీద మళ్ళీ ఫోన్ చేయాలి.

ఇది చెప్తే వచ్చే జవాబు నాకు తెలుసు. రోజుకు పదిసార్లు వింటాను. "అర్థమైతది గదా అక్కా." పెళ్ళి కార్డులో మేనమామ పేరు తప్పు పడిందని చూపిస్తే, అర్థమైతది గదా. ఫ్లెక్సీలో బహుమతి ప్రదానోత్సవం కాస్తా ప్రధానోత్సవం అయిందంటే, అర్థమైతది గదా. చనిపోయిన తండ్రి ఫొటో కింద శ్రద్ధాంజలికి వత్తు లేదంటే కూడా అదే మాట. నాకు ఈ మాట మీద ఉన్నంత కోపం వత్తుల మీద లేదు. అర్థమైతది అని ఎవరి తరఫున చెప్తున్నావు? రాసినవాడివి నువ్వు. అర్థం చేసుకోవాల్సినవాడు ఇక్కడ లేడు. వాడి కష్టం వాడికి వదిలేసి, నీ పని అయిపోయిందంటున్నావు.

ఫోన్లు వచ్చి భాషను పాడుచేశాయని తిట్టడం సులువు. కానీ ఈ ఇంగ్లీషు అక్షరాల అలవాటు మనకు బద్ధకం వల్ల మొదలవలేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. పాత ఫోన్లలో ఒక ఎస్సెమ్మెస్‌కు ఇంగ్లీషులో అయితే 160 అక్షరాలు పట్టేవి. తెలుగులో పంపితే 70 మాత్రమే. అందులో కూడా గుణింతం ఒక అక్షరం, పొల్లు ఒక అక్షరం కింద లెక్క. స్త్రీ అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం, ఫోన్ లెక్కలో ఆరు. అంటే ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మెసేజ్‌లో అయిపోయే మాటకు తెలుగులో రెండు మూడు మెసేజీల పైసలు పోయేవి. కష్టపడి పంపినా అవతలి ఫోన్లో డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. కూలీనాలీ చేసుకునేవాళ్ళు పైసలు చూసుకోరా? అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో గుర్తింపు నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అది మన చేతిలోని ఫోన్ దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మా డీటీపీ వాళ్ళ సంగతీ అంతే. మేం అను ఫాంట్లలో కొట్టిన తెలుగును, ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే ఇంగ్లీషు గుర్తుల కుప్పలాగా కనిపించేది. కాబట్టి అప్పటివాళ్ళను నేను తప్పుపట్టను.

ఇప్పుడు ఆ అడ్డం ఏది? తెలుగు కీబోర్డు ఉచితంగా వస్తుంది. టైపు చేయడం రాకపోతే మాట్లాడితే చాలు, అదే రాసుకుంటుంది. 2017లోనే గూగుల్ తెలుగుకు ఆ సౌకర్యం తెచ్చింది. మా పెద్దమ్మకు సంతకం తప్ప రాయడం రాదు. ఆమె ఫోన్లో మాట్లాడి మనవడికి తెలుగులో మెసేజ్ పంపుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఇంత మంచి పనిముట్టు చేతిలో పెట్టుకుని, డిగ్రీలు చదివినవాళ్ళు పంపే ముందు ఒక్కసారి చూసుకోరు. మాట్లాడిందాన్ని ఫోన్ ఒకటి అనుకుని ఇంకొకటి రాస్తుంది, ఎక్కడా చుక్క ఉండదు, ప్రశ్న ఎక్కడ ఆగి జవాబు ఎక్కడ మొదలైందో తెలియదు. అట్లాగే పంపేస్తారు. బడిలో నేర్పడం లేదా అంటే నేర్పుతున్నారు. ఒకటి నుంచి పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో తెలంగాణలో చట్టం కూడా వచ్చింది. పిల్లలు పరీక్షలో మిత్రుడికి లేఖ చక్కగా రాస్తారు. అదే పిల్లలు హాస్టల్ నుంచి నాన్నకు ఫీజు సంగతి రాయాలంటే మళ్ళీ ఆ ఇంగ్లీషు ముక్కలే.

మా నాన్న నాలుగో తరగతితో చదువు మానేశాడు. మహారాష్ట్రలోని భివండిలో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. ఇన్‌ల్యాండ్ కవర్ల మీద ఆయన రాసిన ఉత్తరాలు కొన్ని ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. వాటిలో తప్పులు లెక్కపెట్టలేను. భివండిని బీవండి అని రాసేవాడు. ళ ఎక్కడ రాయాలో ఎప్పుడూ తెలియదు. కానీ ఒక్క ఉత్తరం కూడా నాకు అర్థం కాక ఆగింది లేదు. పైసలు పంపితే అంకెల్లో రాసి, పక్కనే అక్షరాల్లో రాసేవాడు. ఎవరి చేతికి ఇచ్చాడు, ఆ మనిషి ఏ రోజు ఊళ్ళో దిగుతాడు, అందులో దుకాణం బాకీకి ఎంత, ఇంటి ఖర్చుకు ఎంత, అన్నీ విడివిడిగా. "పైసలు ఈ నెల పంపలే. వచ్చే నెల పదో తారీకు లోపల పంపాలె." ఒకదాని పక్కన ఒకటి, దీర్ఘం ఉండాల్సిన చోట దీర్ఘంతో. మా అమ్మకు చదువు రాదు. పోస్టుమాన్ చదివి వినిపించాలి. నాన్నకు ఆ సంగతి తెలుసు కాబట్టి, పరాయి మనిషి గొంతులో తన మాట భార్యకు ఎట్లా వినబడుతుందో చూసుకుని రాసేవాడు. చోటు అయిపోతే అంచుల వెంబడి తిప్పి తిప్పి రాసేవాడే గాని మాట సగంలో వదిలిపెట్టలేదు.

రాత దిగజారిందని నేనంటున్నది ఈ శ్రద్ధ గురించి. యాస గురించి కానే కాదు. ఈ ముక్క గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మంచి తెలుగు అనగానే మనవాళ్ళకు పాత గాయం గుర్తొస్తుంది. మన మాట తప్పని, మోటు అని చాలాకాలం అన్నారు. సినిమాల్లో మన యాసను ఎవరి నోట్లో పెట్టేవాళ్ళో అందరికీ తెలుసు. ఇయ్యాలె తప్పు, ఇవ్వాలి ఒప్పు అని నేను ఏనాడూ అనను. నా షాపులో ఎవరి అర్జీ వాళ్ళ మాటలోనే కొడతాను. కానీ చూడండి, మన యాసను ఎక్కువ దెబ్బతీస్తున్నది ఇప్పుడు ఈ ఇంగ్లీషు అక్షరాల రాతే. మన మాటకు ప్రాణం పొట్టి పొడుగుల్లో ఉంది. అది నిలబడేది తెలుగు లిపిలోనే. ఉర్దూలో తప్ప కచేరీల్లో పని జరగని నిజాం కాలంలో, 1922లో శబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు ఈ నల్లగొండలోనే నీలగిరి పత్రిక పెట్టారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. అప్పుడు సీసం అక్షరాలు ఒక్కొక్కటి చేత్తో ఏరి పేర్చాలి. ఒక దీర్ఘం కోసం కంపోజిటరు గడిలో వెతుక్కునేవాడు. మనకు వేలి కొసకు దొరుకుతోంది.

ఇప్పుడు కొత్తగా ఇంకొకటి మొదలైంది. ఏఐతో రాయించుకొచ్చిన అర్జీలు. మొన్న ఒక రైతు, డిగ్రీ చదివే ఆయన మనవడు కలిసి వచ్చారు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వాలని రెండు పేజీలు ఫోన్లో రాయించుకొచ్చారు. చదివాను. ఒక్క అక్షరం తప్పు లేదు. అన్నదాతల ఆవేదన, దేశానికి వెన్నెముక, కరుణాపూరిత దృష్టి, అన్నీ ఉన్నాయి. ఊరి పేరు లేదు. ఏం కావాలో లేదు. "తాతా, అసలేమైంది?" అని అడిగితే ఆయన ఒక్క గుక్కలో చెప్పాడు. ఆయన చెప్పిందే కొట్టాను. "మా ఊరి చెరువు కింద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఈ నెల 3వ తేదీ రాత్రి కాలిపోయింది. దాని మీద పదకొండు మోటార్లు నడుస్తాయి. నీళ్ళు లేక పొట్టకొచ్చిన వరి ఎండుతున్నది. ఈ వారం లోపల ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలని కోరుతున్నాము." పైన ఊరు, మండలం, కింద సర్వీస్ నంబరు, ఫోన్ నంబరు. చదివి వినిపిస్తే ముసలాయన "గదే బిడ్డా, గదే" అన్నాడు. రెండు పేజీలది చదివి వినిపించినప్పుడు ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు, అది తన గురించేనని ఆయనకు తెలియలేదు. మనవడు తెలివైన పిల్లవాడే. తాతను ఒక్క ప్రశ్న అడగలేదు, అంతే. సోమవారం క్యూలో వందలమంది ఉంటారు. ఆఫీసరు చేతిలో ఒక్కో కాగితం ఉండేది నిమిషమే. ఆ నిమిషంలో దేశానికి వెన్నెముక దగ్గరే కన్ను ఆగిపోతే, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఫోన్లో కొట్టేది గాలిలో కలిసిపోతుందనుకుంటారు. కలిసిపోదు. ఫోన్లోని మెసేజీలను కోర్టులో పెట్టాలంటే ఒక సర్టిఫికెట్ కావాలి. దానికి ఇదివరకు పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ అనేవాళ్ళు, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ అంటున్నారు. ఆ సర్టిఫికెట్ జతచేసి మీ మెసేజీలను కోర్టులో సాక్ష్యంగా పెడుతున్నారు. బస్సులో ఒంటిచేత్తో నిలబడి, బొటనవేలితో కొట్టిన ముక్క మీద వకీళ్ళు వాదించుకుంటారు. ఆ తమ్ముడు ఏ అర్థంతో రాశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఒక్క మాట తెలుగులో కొట్టి ఉంటే, నిందో లెక్కో ఆ రోజే తేలిపోయేది. కనీసం పంపే ముందు అన్న స్థానంలో నిలబడి ఒక్కసారి చదువుకుని ఉంటే, ఇంకో మాట కలిపేవాడు.

నా షాపుకు వచ్చేవాళ్ళకు ఒక విన్నపం. చదివి వినిపించినందుకు నేను పైసలు తీసుకోను. "టైం లేదక్కా, ప్రింట్ కొట్టెయ్" అనకండి. కాగితం చేతికిచ్చే ముందు అయిదు నిమిషాలు స్టూలు మీద కూర్చుని వినండి. మీ పేరు, మీ నాయన పేరు, సర్వే నంబరు, తారీకు, మీరు అడిగేది ఏమిటి, అన్నీ మీ చెవితో విన్నాకే సంతకం పెట్టండి. ఆ పెద్దాయన ఊరివాళ్ళు ఎవరైనా ఈ పోస్ట్ చదివితే, ఎవరి గురించో మీకు అర్థమైతే, తమ్ముడికి ఒక ఫోన్ చేసి అడగండి. ఇయ్యలేనా, ఇయ్యాలెనా?