'5 రోజులు ఐస్ గ్యారంటీ' స్టిక్కర్ గారికి

మహారాజశ్రీ స్టిక్కర్ గారి దివ్యసముఖమునకు,

హైదరాబాద్‌లో మే నెల శుక్రవారం రాత్రి కారు డిక్కీ సర్దుకునే వాళ్లందరం కలిసి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఖరీదైన ఐస్ బాక్సు మూత మీద తమరు కూడా వెండి అక్షరాల్లో తళతళలాడుతూ క్షేమంగానే ఉన్నారని తలుస్తాం. క్షేమసమాచారాలు తెలియాల్సింది ఇక లోపలి ఐసు గురించే.

ముందుగా ఒక మనవి. తమరి పెట్టెను కొందరు కూలర్ అంటారు గానీ, మా ఊళ్లో కూలర్ అంటే కిటికీ పక్కన గడ్డి తడకలు తడుపుకుంటూ రాత్రంతా గుడగుడలాడేది. అందుకని తమరి పెట్టెను ఐస్ బాక్సు అనే అంటాం. ముషీరాబాద్ చేపల మార్కెట్లో థర్మోకోల్ డబ్బాక్కూడా అదే పేరు. నామోషీ అనుకోకండి.

తమరు చెప్పే ఐదు రోజులు ఏ ఊరివండీ? ఇలాంటి పరీక్షలు మామూలుగా ఎలా జరుగుతాయో తెలిసిందే. పెట్టెను ముందే చల్లబరుస్తారు, అంచుల దాకా ఐసు కూరతారు, నీడపట్టున పెట్టి మూత ముట్టుకోకుండా కూర్చుంటారు. అందులో తిండి ఉండదు. "డాడీ, ఇంకో కూల్‌డ్రింక్" అంటూ పది నిమిషాలకోసారి మూతెత్తే పిల్లలుండరు. ఐదో రోజున అడుగున నిమ్మకాయంత ముక్క తేలుతున్నా 'ఐసు ఉన్నట్టే' అని రాసుకుంటే తమరిని ఆపేదెవరు?

మా లెక్క వేరు, వినండి. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. కరెంటు భాషలో దాదాపు 93 వాట్-అవర్లు. తమరి పెట్టె గోడల్లో 5 సెంటీమీటర్ల పాలియురేథేన్ ఫోమ్ ఉంది, మంచి సరుకే, కాదనం. అయినా 45 లీటర్ల పెట్టె చుట్టూ 40 డిగ్రీలుంటే గోడల గుండా సుమారు 20 వాట్ల వేడి లోపలికి దిగుతూనే ఉంటుంది. ఆ వేడి అలాగే ఉంటే ఒక రోజుకు 480 వాట్-అవర్లు. మూత ఒక్కసారీ తీయకపోయినా 5 కిలోల ఐసు గోడలకే ఖర్చు. రాత్రి చల్లబడితే ఓ కిలో తగ్గొచ్చు.

అసలు దొంగ లోపలే ఉంటాడు. దారిలో కిరాణా కొట్టు ముందు ఎండలో పేర్చిన డజను లీటరు సీసాలు కొని అందులో పడేస్తాం కదా, ఆ నీళ్లు 38 డిగ్రీల్లో ఉంటాయి. వాటిని 4 డిగ్రీలకు దించడానికి మరో 5 కిలోల ఐసు పోతుంది. ఇక పెట్టె సంగతి. 10 కిలోల ప్లాస్టిక్కు, అదీ ఏడాదంతా బాల్కనీలో కాలి ఉన్నది. తన ఒళ్లు చల్లబరుచుకోవడానికే అది కిలోకు పైగా మింగుతుంది. శనివారం పొద్దున పదికిలోల ఐసుతో బయల్దేరి మూసీ పుట్టిన అనంతగిరి కొండలకు వెళ్లినవాళ్లకు ఆదివారం పొద్దున పెట్టెలో టమాటాలు ఈదుతూ కనిపించేది ఇందుకే. ఫోమ్‌ను తిట్టి లాభం లేదు.

అందుచేత తమరి మాట నిలబెట్టే భారం కూడా మామీదే పడింది. బయల్దేరే ముందురోజు రాత్రి పెట్టెలో రెండు కిలోల పాత ఐసో, గడ్డకట్టిన సీసాలో వేసి మూసి ఉంచాలి. పొద్దున ఆ నీళ్లు పారబోసి అసలు ఐసు వేయాలి. నీళ్ల సీసాలను ముప్పావు వంతే నింపి, రెండు రోజుల ముందే ఫ్రీజర్లో పెట్టాలి. నిండా నింపితే పగులుతాయి. చికెన్‌కు మసాలా పట్టించి, జిప్ కవర్లో పల్చగా పరిచి గడ్డకట్టిస్తే అది కూడా ఒక ఐసు పలకే. పెరుగు, పాలు, కూరగాయలు ఫ్రిజ్‌లో చల్లబడ్డాకే లోపలికి వెళ్లాలి.

ఐసు విషయంలో చిన్న ముక్కల ప్యాకెట్లు నమ్ముకోకూడదు. ఒకే బరువున్న ముక్కలకంటే దిమ్మెకు గాలి తగిలే ఒంటి వైశాల్యం తక్కువ, కాబట్టి నిదానంగా కరుగుతుంది. స్టీలు డబ్బాలో రెండు మూడు కిలోల నీళ్లు పోసి ఫ్రీజర్లో ఒకటిన్నర రోజు ఉంచితే ఇంట్లోనే దిమ్మె తయారు. ఐసు ఫ్యాక్టరీ దిమ్మె చవకే, కానీ తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో చెప్పింది. నీలంగా ఉన్నది సీసాల కిందే ఉండాలి, గ్లాసులోకి రాకూడదు. రంగు లేకపోయినా ఫ్యాక్టరీ ఐసును గ్లాసులో వేసుకునే ధైర్యం మాకు లేదు. ఎవరైనా డ్రై ఐస్ ఉపాయం చెబితే, అది మైనస్ 78 డిగ్రీల కార్బన్ డయాక్సైడ్ అని గుర్తు చేయండి. తమరి రబ్బరు గాస్కెట్ బిగించిన పెట్టెలో గ్యాసుకు దారుండదు, అద్దాలు మూసిన కారులో మనిషికి గాలుండదు.

ఇంకో సంగతి తమరు మూత మీద రాయడం మరిచారు. రెండు పాళ్ల ఐసుకు ఒక పాలు తిండి అన్నది ఈ పెట్టెల పద్ధతి. 45 లీటర్ల పెట్టెలో 30 లీటర్లు ఐసుదే, మాకు మిగిలేది 15. ఇంటి పటం చూపించి సగం వసారాకే పోగొట్టే బిల్డరు గుర్తొస్తాడు. మిగిలిన సందుల్లో గాలి ఆడకుండా టవలు కుక్కాలి. కరిగిన నీళ్లను వెంటనే వదిలేయకూడదు. చల్లటి నీళ్లు పోతే ఆ చోటులోకి వేడిగాలి వస్తుంది. మాంసం తడిసే ప్రమాదం ఉన్నప్పుడో, కొత్త ఐసు వేసేటప్పుడో వదిలితే చాలు. కూల్‌డ్రింకులకు విడిగా ఒక థర్మోకోల్ డబ్బా పెట్టి, పిల్లల చేతులన్నీ దాని మీదికి మళ్లించాలి.

తమరి పక్క అరలో మైనస్ 20 డిగ్రీలంటూ గొప్పలు పోతున్న ఇంకో స్టిక్కరు కూడా ఉంది. కంప్రెసర్ ఉన్న పోర్టబుల్ ఫ్రిజ్ మీద అతికించినది. నిజం చెప్పాలంటే ఫ్రిజ్ మంచిదే, తడవదు, 45 లీటర్లూ తిండికే ఇస్తుంది. మర్యాదలు మాత్రం కొత్తల్లుడివి. పక్కల జాలీకి కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి, పైన దుప్పటి కప్పకూడదు, అద్దాలు మూసి ఎండలో ఆపిన కారులో వదలకూడదు. అక్కడ గాలి 50 దాటితే కంప్రెసర్ ఆగకుండా తిరిగి, చివరికి వేడెక్కి మొండికేస్తుంది.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. తిరిగేటప్పుడు 45 నుంచి 60 వాట్లు తీసుకుంటుంది, ఆగుతూ తిరుగుతూ మా ఎండల్లో సగటున 15-20 వాట్లు. రోజుకు 360 నుంచి 480 వాట్-అవర్లు. కారులోని 12 వోల్టుల 45 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీలో ఉండేదే 540 వాట్-అవర్లు, అందులో సగానికి మించి తోడితే పొద్దున సెల్ఫ్ కొట్టదు. సాయంత్రం 6కు ఇంజిన్ ఆపితే మర్నాడు మధ్యాహ్నం లోపు కథ ముగుస్తుంది. ఫ్రిజ్ మీద బ్యాటరీ రక్షణకు హై, మీడియం, లో అని మూడు మెట్లుంటాయి. కారు బ్యాటరీకి కలిపితే హై (బ్యాటరీ బాగా దిగకముందే ఫ్రిజ్ ఆగిపోతుంది), వెంట తెచ్చుకునే విడి బ్యాటరీ పెట్టెకు, అదే పవర్ స్టేషన్‌కు కలిపితే లో. తిప్పి పెట్టినవాళ్ల కారును తోయడానికి అడవిలో నలుగురు దొరకాలి.

వైరు దగ్గర కూడా మోసపోతారు. ఇంజిన్ ఆపగానే చాలా కార్లలో 12 వోల్టుల సాకెట్టు చచ్చిపోతుంది. అందుకని బ్యాటరీ నుంచి నేరుగా 5 మీటర్ల సన్న వైరు లాగుతారు. ఒక స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 5 ఆంపియర్లు పోతే రానూపోనూ 0.9 వోల్టు దారిలోనే తగ్గిపోతుంది. బ్యాటరీలో 12.2 ఉన్నా ఫ్రిజ్‌కు చేరేది 11.3, వెంటనే లో-వోల్టేజ్ అని ఆగిపోతుంది, బ్యాటరీ చెడిపోయిందని అందరూ కంగారుపడతారు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి నాలుగు స్క్వేర్ ఎంఎం వైరు, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు వేయించుకోవాలి. సోలార్ ప్యానెల్ తెచ్చుకుంటే మరో తంటా. దానికి ఎండ కావాలి, ఫ్రిజ్‌కు నీడ కావాలి. అనంతగిరి చెట్ల కింద ఆ రెండింటికీ సంబంధం కుదర్చడం పెళ్లిళ్ల పేరయ్యకే కష్టం.

ఇక 'కార్ ఫ్రిజ్' పేరుతో చవగ్గా దొరికే పెల్టియర్ డబ్బా ఉంది, కంప్రెసర్ లేకుండా కరెంటుతోనే చల్లబరిచేది. అది బయటి వేడికంటే దాదాపు 20 డిగ్రీలే దించగలదు. 42లో 22 అన్నమాట. పాలు విరగడానికి అది చాలు. పైగా 4-5 ఆంపియర్లు ఆగకుండా తాగుతుంది. దాని స్టిక్కరు గారితో పోలిస్తే తమరు హరిశ్చంద్రులు.

కాబట్టి మా తీర్పు ఇదీ. అనంతగిరిలో ఒక్క రాత్రికి థర్మోకోల్ డబ్బా, గడ్డకట్టిన సీసాలు సరిపోతాయి, తమరు షోరూంలోనే విశ్రాంతి తీసుకోవచ్చు. సోమశిలలో కృష్ణ ఒడ్డున రెండు రాత్రులైతే తమరి పెట్టెకే మా ఓటు, పైన చెప్పిన కసరత్తంతా చేస్తేనే. మూడు రాత్రులు దాటితే, లేదా పసిపిల్ల పాలో ఇన్సులినో వెంట ఉంటే, కంప్రెసర్ ఫ్రిజ్, దానితో 500 వాట్-అవర్లకు తగ్గని పవర్ స్టేషన్, అది రోజూ ఛార్జ్ చేసుకునే వీలు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. తమరి పెట్టెలో అది ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన దిమ్మెకు ఆని గడ్డకట్టే పొరపాటు సులువుగా జరిగిపోతుంది. పవర్ స్టేషన్ లేకుండా ఫ్రిజ్ ఒక్కటే కొంటామనేవాళ్లకు మా సానుభూతి.

ఇట్లు,
డిక్కీ తుడుచుకుంటున్న హైదరాబాదు వాసులు

తా.క.: పెట్టె అడుగున ఉన్న డ్రెయిన్ బిరడాకు రబ్బరు వాషర్ ఉంటుంది, కడిగేటప్పుడు అదే జారిపోతుంది. బయల్దేరే ముందు చెంబెడు నీళ్లు పోసి, పెట్టెను ఆ మూలకు వంచి చూడమని తమరి కింద చిన్న అక్షరాల్లోనైనా రాయించగలరు. సంతకం కింద 'డిక్కీ తుడుచుకుంటున్న' అని ఎందుకు రాశామో తమరికి అర్థమయ్యే ఉంటుంది.