లైకులు అడిగితే లైకులే వస్తాయి

"డబ్బు పెట్టాం. లైకులు బాగానే వచ్చాయి. అమ్మకాలు మాత్రం లేవు." సోషల్ మీడియాలో ప్రకటనలు ఇచ్చి చూసిన చిన్న వ్యాపారులు చాలామంది చెప్పే మాట ఇదే. ఆ వెంటనే వచ్చే మాట కూడా దాదాపు ఒకటే: ఇదంతా పెద్ద కంపెనీల ఆట, మనలాంటి వాళ్లకు కాదు.

ఈ రెండో మాటతోనే నాకు పేచీ. 2020 జులైలో, విద్వేష పోస్టుల మీద చర్యలు తీసుకోవడం లేదంటూ వెయ్యికి పైగా సంస్థలు ఫేస్‌బుక్‌లో ప్రకటనలు ఆపేశాయి. వాటిలో పేరుమోసిన బ్రాండ్లు చాలానే ఉన్నాయి. అయినా జులై నుంచి సెప్టెంబరు దాకా ఆ కంపెనీ ఆదాయం అంతకుముందు ఏడాదితో పోలిస్తే 22 శాతం పెరిగింది. అప్పటికి అక్కడ కోటి మందికి పైగా ప్రకటనదారులు ఉన్నారు, వాళ్లలో అత్యధికులు చిన్నవాళ్లే. కాబట్టి ఆట చిన్నవాళ్లదే. తిరకాసు అంతా మనం ఏం అడుగుతున్నామన్న దగ్గరే ఉంది.

చాలామందికి తొలి అనుభవం 'బూస్ట్' బటన్‌తోనే మొదలవుతుంది. ఒక పోస్టుకు మామూలు కంటే నాలుగు లైకులు ఎక్కువ పడతాయి. వెంటనే ఫోన్‌లో ఒక నోటిఫికేషన్: ఈ పోస్టు బాగా వెళ్తోంది, ఇంకా ఎక్కువమందికి చూపించండి. నొక్కితే లక్ష్యం ముందే ఎంచి ఉంటుంది, రోజులు, మొత్తం కూడా సూచించి ఉంటాయి. మిగిలింది డబ్బు కట్టడమే. ఇదంతా అయ్యేది రెండు నిమిషాల్లో, సాధారణంగా ఇంకో పని మధ్యలో. ఐఫోన్ యాప్‌లోంచి బూస్ట్ చేసేవాళ్లు ఒకటి గమనించాలి. యాప్‌లో జరిగే ఈ చెల్లింపు మీద యాపిల్ తీసుకునే 30 శాతాన్ని ప్రకటనదారుల నుంచే వసూలు చేస్తామని మెటా (ఫేస్‌బుక్ కంపెనీకి ఇప్పటి పేరు) 2024 ఫిబ్రవరిలో చెప్పింది. మొదట అమెరికాలో, ఆ తర్వాత మిగతా చోట్ల. అదే పని బ్రౌజర్‌లో వెబ్‌సైట్ తెరిచి చేస్తే ఆ భారం ఉండదు.

బూస్ట్ వెనకాల జరిగే పని సూటిగా ఉంటుంది. లైకులు, కామెంట్లు కావాలని అడిగితే, లైకులు కొట్టే అలవాటున్న వాళ్లను వెతికి మరీ చూపిస్తుంది. అలాంటివాళ్లు దొరకడం తేలిక, కాబట్టి చవక. కానీ కనిపించిన ప్రతిదానికీ లైక్ కొట్టే మనిషి, డబ్బు తీసి కొనే మనిషి ఒకరే కావాలని లేదు. ప్రకటనలు పెట్టడానికి మెటా ఇచ్చే యాడ్స్ మేనేజర్‌లో ఆరు లక్ష్యాలు ఉంటాయి: పేరు తెలియడం, ట్రాఫిక్, ఎంగేజ్‌మెంట్ (లైకులు, కామెంట్లు, మెసేజ్‌ల లాంటివి), లీడ్స్ (ఆసక్తి చూపి తమ వివరాలు ఇచ్చేవాళ్లు), యాప్ ప్రచారం, అమ్మకాలు. ప్రతి లక్ష్యానికీ అది వెతికే మనుషులు వేరు. ట్రాఫిక్ అడిగితే లింకులు నొక్కేవాళ్లు వస్తారు. నొక్కిన వాళ్లంతా పేజీ తెరుచుకునే దాకా ఆగుతారా అంటే అదీ లేదు. అందుకే 'లింక్ క్లిక్స్', 'ల్యాండింగ్ పేజ్ వ్యూస్' అని రెండు వేర్వేరు లెక్కలు ఉంటాయి. ఈ రెండింటి మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే పేజీ ఆలస్యంగా తెరుచుకుంటోందనో, పొరపాటున వేలు తగిలిన క్లిక్కులు ఎక్కువనో అనుకోవాలి. ప్రకటన ఇతర యాప్‌ల్లోనూ కనిపించేలా వదిలేస్తే ఈ రెండో రకం క్లిక్కులు పెరుగుతాయి.

ఎవరు ఎక్కువ డబ్బు పెడితే వాళ్ల ప్రకటనే కనిపిస్తుందన్న అపోహ కూడా గట్టిగానే ఉంది. మెటా వేలం పద్ధతి అది కాదు. మనం పెట్టే బిడ్‌ను, అంటే ఒక్క ఫలితానికి ఇవ్వడానికి సిద్ధపడే మొత్తాన్ని, ఈ ప్రకటన చూసి ఈ మనిషి మనం కోరిన పని చేసే అవకాశం ఎంతన్న అంచనాతో గుణిస్తారు. దానికి ప్రకటన నాణ్యతను కలుపుతారు. ఎవరి మొత్తం ఎక్కువైతే ఆ చోటు వాళ్లది. అంటే జనం నిజంగా ఆగి చూసే ప్రకటనైతే, జేబు చిన్నదైనా పెద్ద కంపెనీని దాటి చోటు దక్కించుకోవచ్చు. చిన్న వ్యాపారికి ఇంతకంటే అనుకూలమైన నియమం ఇంకొకటి లేదు. అయినా ఎక్కువమంది బుర్ర పెట్టేది ఇక్కడ కాదు, 'ఎవరికి చూపించాలి' అనే సెట్టింగుల దగ్గర. ఏ వయసు, ఏ ఆసక్తులు, ఏ పేజీలు ఫాలో అవుతారు అంటూ గంటలు గడిపేస్తారు.

ఒకప్పుడు ఆ శ్రమకు ఫలితం ఉండేది. 2021 ఏప్రిల్‌లో యాపిల్ ఐఫోన్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్, ఐఓఎస్ 14.5 తెచ్చింది. ఇతర యాప్‌లు, వెబ్‌సైట్లలో మీరు చేసేది గమనించాలంటే యాప్ ముందుగా మీ అనుమతి అడగాలన్నది దానితో వచ్చిన నిబంధన. అడిగితే చాలామంది వద్దన్నారు. అంతకుముందే, 2020 డిసెంబరులో, ఫేస్‌బుక్ అమెరికా పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించింది, మేం చిన్న వ్యాపారుల తరఫున యాపిల్‌తో పోరాడుతున్నాం అంటూ. ఆ ప్రేమను పూర్తిగా నమ్మనక్కర్లేదు. ఈ మార్పు వల్ల 2022 ఒక్క ఏడాదే సుమారు 1,000 కోట్ల డాలర్ల ఆదాయం పోతుందని తర్వాత మెటాయే చెప్పుకుంది. పోరాటం ఎవరి కోసమో ఆ అంకె చూస్తే తెలుస్తుంది. అలాగని చిన్నవాళ్లకు నష్టం జరగలేదని కాదు. ఎవరు కొన్నారో సరిగ్గా తెలియకపోవడంతో, అలాంటి వాళ్లనే వెతికి పెట్టే పని కష్టమైంది. పైగా 2022 జనవరి నుంచి ఆరోగ్యం, మతం, రాజకీయం లాంటి సున్నితమైన విషయాల ఆధారంగా జనాన్ని ఎంచుకునే వీలును కూడా మెటా చాలావరకు తీసేసింది. ఇప్పుడు ఎంపిక ఎక్కువగా మెటా సాఫ్ట్‌వేర్ చేతిలోనే ఉంది. దానికి దారి చూపించేది ప్రకటనే.

సోఫాలు శుభ్రం చేసే ఒక చిన్న సర్వీసు ఉందనుకుందాం. మామూలుగా వచ్చే ప్రకటన ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పొచ్చు: పైన లోగో, మధ్యలో ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన తెల్ల సోఫా, కింద "నాణ్యతే మా ధ్యేయం, మీ నమ్మకమే మా బలం". ఈ వాక్యాన్ని బ్యాంకు వాడొచ్చు, సిమెంటు కంపెనీ వాడొచ్చు, దంతవైద్యుడూ వాడొచ్చు. ఇప్పుడు ఇంకోటి: ఫోన్‌తో తీసిన పదిహేను సెకన్ల వీడియో. మొదటి క్షణంలోనే చేతులు ఆనించే చోట నల్లబడిన సోఫా, దాని మీదుగా మెషీన్ వెళ్తుంటే బయటపడే అసలు రంగు, పక్కన బకెట్లో మురికి నీళ్లు. "మూడు సీట్ల సోఫాకు రెండు గంటలు. ఆరడానికి ఇంకో నాలుగైదు గంటలు. పెంపుడు కుక్క ఉంటే ముందే చెప్పండి, వేరే మందు తెస్తాం." రెండోదాన్ని చూసి ఆగేది ఇంట్లో మురికి సోఫా ఉన్నవాళ్లే. మిగతావాళ్లు పైకి జరిపేస్తారు, జరపనివ్వండి. ఎవరు ఆగుతున్నారో చూసి మెటా సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటుంది. కుక్కల ప్రస్తావన అక్కడ అలంకారం కాదు. ఫోన్ చేసినవాళ్లు రోజూ అడిగే ప్రశ్నే అయ్యుంటుంది. మంచి ప్రకటనకు మాటలు దొరికేది కాపీరైటర్ దగ్గర కాదు, కొనేవాళ్లు వాట్సాప్‌లో అడిగే ప్రశ్నల్లో. ఆ చాట్లన్నీ ఒకసారి కూర్చుని చదివితే నెలకు సరిపడా ప్రకటనలు అందులోనే ఉంటాయి. పోటీవాళ్లు ఏం చూపిస్తున్నారో తెలియాలంటే మెటా యాడ్ లైబ్రరీ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నెలల తరబడి నడుస్తున్న ప్రకటన కనిపిస్తే, అది గిట్టుబాటు అవుతోందనే అనుకోవాలి.

బడ్జెట్ విషయంలో చిన్నవాళ్లకు నిజంగానే ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచి లాభం లేదు. కొత్త ప్రకటన కుదురుకోవాలంటే వారంలో సుమారు 50 ఫలితాలు రావాలని మెటా చెబుతుంది. దీన్నే లెర్నింగ్ ఫేజ్ అంటారు. లక్ష్యం 'కొనుగోలు' అని పెడితే, వారానికి ఐదు ఆర్డర్లు వచ్చే వ్యాపారం ఆ మెట్టు ఎప్పటికీ ఎక్కదు. అలాంటప్పుడు ఒక మెట్టు దిగి 'మెసేజ్' లేదా 'లీడ్' అడగడం మేలు. ఊరికే పలకరించే మెసేజ్‌లు కూడా కొన్ని వస్తాయి, అది తప్పదు. ఉన్న కొద్దిపాటి డబ్బును ఐదారు ప్రకటన సెట్లకు పంచితే ఏ ఒక్కదానికీ నేర్చుకునేంత సరుకు అందదు. ఒకటి, మహా అయితే రెండు చాలు. ఇక పొద్దున్నే టీ తాగుతూ బడ్జెట్ కాస్త పెంచడం, రాత్రికి ఫొటో మార్చడం, మర్నాడు వయసు పరిధి సవరించడం ఇంకో జబ్బు. పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వారం రోజులు చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా ఈ పనిలో భాగమే, నిజానికి కష్టమైన భాగం.

అసలు లెక్క డాష్‌బోర్డులో ఉండదు. అక్కడ 'రోయాస్' అని ఒక అంకె కనిపిస్తుంది, పెట్టిన డబ్బుకు ఎన్ని రెట్లు అమ్మకం వచ్చిందో చెప్పేది. 3 అని చూసి సంబరపడేవాళ్లు ఉన్నారు. మీకు అమ్మకంలో మిగిలేది 25 శాతమే అయితే, ప్రకటనకు 100 పెట్టి 300 అమ్మినప్పుడు చేతికి మిగిలింది 75. అంటే 25 నష్టం. మీ రోయాస్ 4 దాటితే తప్ప మొదటి అమ్మకంలో పైసా మిగలదు. అదే మనిషి మళ్లీ మళ్లీ కొంటాడని మీ పాత ఖాతాలు చెబుతుంటే, 3 దగ్గర కూడా ధైర్యంగా ఖర్చు పెట్టొచ్చు. జీవితంలో ఒకసారి కొనే వస్తువైతే కుదరదు. ఈ అంకె ఒక్కో వ్యాపారానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టే, 'మా స్నేహితుడికి 3 వచ్చింది, మాకు 2.5 వచ్చింది' అనే పోలికలకు అర్థం లేదు.

ఆ అంకె ఎలా వచ్చిందన్నది ఇంకో కథ. మామూలు సెట్టింగులో, ప్రకటన నొక్కిన ఏడు రోజుల్లో కొన్నా, నొక్కకుండా ఊరికే చూసి ఒక రోజులో కొన్నా ఆ అమ్మకం ప్రకటన ఖాతాలో పడుతుంది. ఎలాగూ కొనబోతున్న పాత కస్టమరు కూడా ఆ లెక్కలోకే వస్తాడు. 2012లో ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ ఈబే ఒక పని చేసి చూసింది. తన పేరు కొట్టి వెతికేవాళ్లకు చూపించే సెర్చ్ ప్రకటనలను ఆపేసింది. అంతకుముందు ప్రకటన నొక్కి వచ్చినవాళ్లు దాదాపు అందరూ కింది మామూలు ఫలితం నొక్కి వచ్చేశారు. అది సెర్చ్ సంగతి, పైగా అందరికీ తెలిసిన పేరు. ఎవరికీ తెలియని చిన్న వ్యాపారానికి అదే ఫలితం వస్తుందని చెప్పలేం. కానీ ఆపి చూడడం అనే పద్ధతి మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. సీజన్ కాని రోజుల్లో రెండు వారాలు ప్రకటన ఆపి, గల్లాపెట్టెలో తేడా చూడండి. ఫోన్ చేసిన ప్రతి కొత్త మనిషినీ 'మా గురించి ఎలా తెలిసింది?' అని అడిగి, జవాబు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. కంపెనీ ఇచ్చే అంకెల్నే నమ్ముకోకపోవడానికి కారణం కూడా ఉంది. వీడియోలను జనం సగటున ఎంతసేపు చూస్తున్నారన్న లెక్కను రెండేళ్లపాటు ఎక్కువ చేసి చూపించామని 2016లో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది.

ఏజెన్సీకి అప్పగించినవాళ్లకు ఒక్క మాట. ప్రకటన ఖాతా, పేజీ మీ పేరు మీద ఉండాలి, వాళ్లకు పని చేసే అనుమతి మాత్రమే ఇవ్వాలి. తేడా వచ్చి విడిపోయిన రోజున పేజీతో పాటు ఇన్నాళ్ల డేటా వాళ్ల దగ్గరే ఉండిపోతే, మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. నెలాఖరు రిపోర్టులో రీచ్ (ఎంతమంది చూశారు), ఇంప్రెషన్లు (ఎన్నిసార్లు కనిపించింది) తప్ప ఆర్డర్ల మాట లేకపోతే, ఆ మాట మీరే అడగాలి.

ఇన్ని చేసినా డబ్బు ఎక్కువగా గాలికి పోయేది ప్రకటన అయిపోయాక. "ధర ఎంత?" అని కామెంట్ పెడతారు. జవాబు: "ఇన్‌బాక్స్ చూడండి." ఇన్‌బాక్స్‌లో: "నమస్తే, మీకు ఎలా సహాయపడగలం?" అడిగిన మనిషి మళ్లీ అదే ప్రశ్న టైప్ చేయాలి. ఈలోగా ఇంకో ప్రకటన కనిపిస్తుంది, అందులో ధర ఉంటుంది. ధర రాస్తే పోటీవాళ్లకు తెలిసిపోతుందని భయపడేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే, వాళ్లకు ఎప్పుడో తెలుసు. రాత్రి పదకొండింటికి వచ్చిన మెసేజ్‌కు మర్నాడు మధ్యాహ్నం జవాబిచ్చేట్టయితే, ప్రకటనను పనివేళల్లోనే నడపండి. రోజువారీ కాకుండా మొత్తం ప్రకటన కాలానికి ఒకే బడ్జెట్, అంటే లైఫ్‌టైమ్ బడ్జెట్ పెట్టుకుంటే గంటలు ఎంచుకోవచ్చు.

ఇప్పుడు దీనికి నమ్మకం సమస్య కూడా తోడైంది. మోసపూరిత ప్రకటనలు, నిషేధిత వస్తువుల ప్రకటనల నుంచి తన 2024 ఆదాయంలో దాదాపు 10 శాతం వస్తుందని మెటా అంతర్గత పత్రాల్లో అంచనా ఉన్నట్టు 2025 నవంబరులో రాయిటర్స్ బయటపెట్టింది. అది ఉజ్జాయింపు లెక్క, అందులో అక్కర్లేనివి కూడా కలిశాయని కంపెనీ అంది. లెక్క ఎంతైనా, ఫీడ్‌లో ప్రకటన చూడగానే జనానికి ముందు వచ్చేది అనుమానమే, దాని దెబ్బ నిజాయితీగా అమ్మేవాళ్ల మీదా పడుతోంది. ప్రకటన నచ్చినవాళ్లు పేజీలోకి వెళ్లి పాత పోస్టులు చూస్తారు, చిరునామా ఉందా అని వెతుకుతారు, అన్నిటికంటే ముందు ప్రకటన కింద కామెంట్లు చదువుతారు. "డబ్బు కట్టాను, నెలైంది, సరుకు రాలేదు" అన్న కామెంట్ జవాబు లేకుండా అక్కడే ఉంటే, దాన్ని కూడా మీ ఖర్చుతోనే అందరికీ చూపిస్తున్నట్టు. డిలీట్ చేస్తే ఆ మనిషి మరింత కోపంతో తిరిగొస్తాడు. ఆలస్యం ఎందుకైందో, సరుకు ఏ రోజు పంపారో అదే కామెంట్ కింద రాయండి. బడ్జెట్ పెంచే ఆలోచన ఆ తర్వాతే.