గడువు దాటిన జవాబు

ప్రతివాదికి కామెర్లు వచ్చాయి, అందువల్ల వకీలును కలిసి వివరాలు చెప్పలేకపోయారు, దావాకు ఇవ్వాల్సిన రాతపూర్వక సమాధానం, అంటే జవాబు దావా, వేయడంలో ఆలస్యం బుద్ధిపూర్వకం కాదు. గుంటూరులోనైనా విజయవాడలోనైనా సివిల్ దావా నడిపిన వారికి ఈ అఫిడవిట్ కొత్త కాదు. సివిల్ దావాల్లో ప్రబలినంతగా ఈ కామెర్లు ఆసుపత్రుల్లో ప్రబలవేమో! సాధారణంగా కోర్టు నామమాత్రపు ఖర్చులు విధించి జవాబు దావాను తీసుకుంటుంది. ఒక్కోసారి అలాంటి కారణమే చూపిన పిటిషన్ వీగిపోతుంది. అక్కడ ఎందుకు ఒప్పుకున్నారో, ఇక్కడ ఎందుకు కాదన్నారో రెండు ముక్కల ఉత్తర్వులో వెతికినా దొరకదు. మా అభ్యంతరం విచక్షణ మీద కాదు, ఈ మౌనం మీద.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో ఆర్డర్ ప్రకారం సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కారణాలు రాసి కోర్టు ఆ గడువును 90 రోజుల దాకా పెంచవచ్చు. 2002 జులై 1 నుంచి ఇదే నియమం. ఆ 90 రోజులూ దాటితే? గడువు ప్రతివాదికి పెట్టిన బాధ్యతే తప్ప కోర్టు అధికారానికి వేసిన సంకెల కాదని 2005లో కైలాష్ - నన్హకూ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది సేలం న్యాయవాదుల సంఘం కేసులో, పొడిగింపు అలవాటు కారాదని, మరీ కష్టమైన సందర్భాలకే పరిమితం కావాలని హెచ్చరించింది. ప్రతివాది వకీలుకు మొదటి తీర్పు కంఠతా వస్తుంది. రెండోది వాది వకీలుకు మాత్రమే గుర్తుంటుంది.

తెనాలి దగ్గర పల్లెలో ఒక రైతు ఉన్నాడనుకుందాం. సమన్లు ఇంట్లోవాళ్లు అందుకున్నారు. జతచేసిన ప్రామిసరీ నోటు నకలు మసకబారి చదవడానికి వీల్లేదు. ఆ సంతకం తనది కాదన్నదే అతని వాదన. 91వ రోజున వచ్చాడని తలుపు మూస్తే, సంతకం సంగతి తేలకుండానే పొలం వేలం దాకా పోవచ్చు. జవాబు లేనంత మాత్రాన కళ్లు మూసుకుని డిక్రీ ఇవ్వరాదని 1999లో బల్‌రాజ్ తనేజా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయినా జవాబులో చెప్పుకోని వాదనకు సాక్ష్యం తెచ్చుకోవడం అతని వల్ల అయ్యే పని కాదు. విచక్షణ ఉన్నది ఇలాంటి వాడి కోసం.

పటమటలో మరొకరి స్థలంలో పాగా వేసినవాడి లెక్క వేరు. స్వాధీనం కోసం యజమాని దావా వేశాడు. ఆక్రమణదారుకు గడిచిన ప్రతి నెలా లాభమే. పైగా ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్, దానిపై కౌంటర్, వాదనలు, ఉత్తర్వు, ఆపైన కింది కోర్టులపై హైకోర్టుకు పర్యవేక్షణ అధికారమిచ్చే రాజ్యాంగం 227వ అధికరణ కింద నేలపాడులోని హైకోర్టుకు రివిజన్. ఆలస్యం నెలల్లో ఉంటే దాని మీద తగవు ఏళ్లలోకి జారుతుంది, అసలు దావా కదలదు.

అందుకే వాణిజ్య కోర్టుల పద్ధతి అందరికీ పెట్టాలనే వాదన వినిపిస్తోంది. 2015 చట్టం కింద వాణిజ్య వివాదంలో 120 రోజులు దాటితే జవాబు హక్కే పోతుంది. దీన్ని 2019లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మిర్చి ఎగుమతిదారుకు అది తగినదే. అతనికి లెక్కల పుస్తకాలుంటాయి, ఆడిటరుంటాడు, ఫోను చేస్తే పలికే వకీలుంటాడు. ఇవేవీ లేని పల్నాడు రైతును అదే కొలతతో కొలవడాన్ని మేము ఒప్పుకోం.

కోర్టులు చేయగలిగింది మరొకటుంది. ఎన్ని రోజుల ఆలస్యానికి ఏ కారణం నమ్మారో, ఏది నమ్మలేదో నాలుగు వాక్యాల్లో రాయడం. జవాబు దావా జతచేయని పిటిషన్‌ను అసలు తీసుకోకపోవడం, జతచేసిన దాన్ని రెండు వాయిదాల్లో తేల్చడం. ఇక ఖర్చులు. రెండు వందలో మూడు వందలో ఏదో నిధికి కట్టిస్తే, దూరాభారం నుంచి పని మానుకుని వచ్చిన వాదికి ఒరిగేది లేదు. వాయిదాకు వచ్చిన ఖర్చును ఎదుటి పక్షానికి ఇప్పించేందుకు, అది కట్టనిదే ప్రతివాదన ముందుకు సాగకుండా ఆపేందుకు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే 35బి సెక్షన్ ఉంది. 1976 సవరణతో వచ్చిన ఆ సెక్షన్‌ను చివరిసారి ఎప్పుడు అడిగారో వాదుల తరఫు వకీళ్లు కూడా ఒకసారి గుర్తుచేసుకోవాలి.